ఒక అంకె

నార్వే చిట్టచివర, వార్డో దీవికి
రోడ్డు సముద్రం కిందనుంచి పోతుంది.
వైపర్లు ఆపి, ఒళ్ళో కెమెరా డబ్బాతో
నెత్తిమీద ఉప్పునీరు మోస్తూ వెళ్ళాను.
ఆ సొరంగం తవ్వడమే తేలికేమో అనిపించింది
తర్వాత రెండు రోజులకి.

గోడలకు చెవులుంటాయంటారు.
కిర్కెనెస్ ఆసుపత్రి ఫైర్‌వాల్‌కి లేవు.
దానికి ఉన్నదల్లా ఒక జాబితా,
ఆ జాబితాకి కాపలా సోల్‌ఫ్రిడ్.
"ఏ పోర్టు? ఎంతసేపు? ఎవరి సంతకం?"
ఫోనులో ఆమె కాఫీ చప్పరించడం మాత్రం
ఏ అడ్డూ లేకుండా వినిపించేది.

మొదటిరోజు పిలుపు వెళ్ళింది, జవాబు రాలేదు.
మా యంత్రం ఉత్తరం లోపల తన చిరునామా
'పదో నంబరు గది' అని రాసుకుంది.
ఊరు రాయలేదు.
దానికి తెలిసిన లోకమంతా ఆ ఇల్లే మరి.
అక్కడా ఉంది ఒక పదో నంబరు గది.
డాక్టరు ముఖం గంటసేపు
వాళ్ళ ఎక్స్‌రే విభాగంలో ప్రింటరు తలుపు తడుతూనే ఉందట.
సోల్‌ఫ్రిడ్ నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

రెండోరోజు,
నేను అంకెలు చదవడం, ఆమె తిరిగి అప్పజెప్పడం,
ఎక్కాలు వల్లించే పిల్లల్లా.
పదకొండున్నరకి తెరమీద బొమ్మ కదిలింది.
డాక్టరు పెదవులు కదిలాయి.
మాట లేదు.
చూపుకి దారి దొరికింది, గొంతుకి దొరకలేదు.

బల్ల కింద దూరి తీగలు లాగుతూ
"క్షమించండి, ఒక్క నిమిషం" అన్నాను పేషెంటుతో
మూడుసార్లు.

తోర్‌గున్‌కి పుట్టుకతోనే వినపడదు.
ముప్పైరెండేళ్ళు చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టింది.
యంత్రాల హోరులో అందరూ గొంతు చించుకుంటుంటే
తను మాత్రం అవతలి వరుసలోని చెల్లెలితో
తీరిగ్గా కబుర్లాడేదట.

తెరలో డాక్టరు పక్కనున్న దుబాసీ చేతులెత్తింది.
ఈమె చేతులెత్తింది.
నొప్పి ఎక్కడ పుట్టి ఎటు పాకుతుందో,
రాత్రి ఏ వేళకి లేపుతుందో
వేళ్ళు వరసగా చెప్పుకుపోతున్నాయి.
ఒకచోట ఇద్దరూ నవ్వారు.
డాక్టరు ఆలస్యంగా నవ్వాడు.
నేను బల్ల కిందే ఉండిపోయాను.

సోల్‌ఫ్రిడ్ ఫోను:
"దొరికింది. ఐదుకి బదులు ఆరు కొట్టాను.
మార్చనా? లైను ఒకసారి తెగుతుంది."

బల్ల అంచుమీంచి చూశాను.
ఆ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"ఇప్పుడొద్దు," అన్నాను,
ఎందుకో మరి, గుసగుసగా.