మోగిందన్నాను

జివనాయ్ మామకి చెవులు పోయి నాలుగేళ్లు.
ముప్ఫయ్యేళ్ల సుత్తి
దెబ్బకింత చొప్పున
పట్టుకుపోయింది వాటిని.

అందుకే రాయి కొనేటప్పుడు నన్ను వెంటబెట్టుకెళ్తాడు.
మ్వుర్వి కొండల్లో, గని అంచున,
ఎద్దు వీపంత సర్పెంటైన్ బండ.
ఒంటి నిండా తుప్పురంగు తోలు.
ఉలి మడమతో తట్టి నా మొహంలోకి చూశాడు.
గంటలా మోగితే మంచి రాయి.
మొద్దుగా పలికితే లోపలెక్కడో బీట.

మొద్దుగానే పలికింది.
కానీ మామ అప్పటికే దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు,
పోయిన అత్త మెడ వంపు
అందులో కనబడినవాడిలా.
మోగింది, అని తలూపాను.

వానలొచ్చాయి, పోయాయి.
గరుకుకాగితం నీళ్లలో ముంచి రుద్దడం నా వంతు,
వేలిముద్రలు అరిగేదాకా.
మంట సెగ చూపించి మైనం పూస్తే
బూడిదరంగు కాస్తా నల్లటి ఆకుపచ్చై
అత్త చెంప తేలింది.
ఆ రాత్రే, చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా
వెంట్రుకంత చీలిక.

పొద్దున్నే ఒప్పేసుకున్నాను, చేతులతో, పెదాలతో.
మామ సద్జ ముద్ద కూరలో అద్దుకుంటూ నవ్వాడు.
"చెవులు పోయాయిరా,
అరచెయ్యి కూడా పోయిందనుకున్నావా?"

హరారే నుంచి వచ్చిన బేరగాడు
చీలికని గోటితో గీకి, సగం ధరే అన్నాడు.
మామకి వినపడలేదు.
పెదాలు చదవడం ఆయనకి బాగా వచ్చు.

బొమ్మ ఇంకా ముసాసా చెట్టు కిందే ఉంది.
బీటలోకి చీమలు వెళ్తున్నాయి,
మొక్కజొన్న నలకలు మోసుకుంటూ.