నలుసు

హైడెల్‌బర్గ్‌లో ఫిబ్రవరి.
నెకర్ నది మీద పొగమంచు ఇంకా లేవలేదు.
గెజీనె కోటు విప్పకుండానే తెర ముందు కూచుంది.
నిన్నటి లెక్క పదకొండు.

పదకొండు సార్లు,
అంగారకుడి దారికి అవతల,
బంగారు పళ్ళెం మీద ఏదో తగిలింది,
లేదా తగిలినట్టనిపించింది.
యంత్రానికీ ఉలికిపాటుంటుంది.
తన ఇంజను తానే దగ్గినా,
పక్కకి ఒత్తిగిలితే ఎండ చురుక్కుమన్నా
ఎవరో తలుపు తట్టారనుకుంటుంది.
ఆమె ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయింది.
కాఫీ చల్లారేసరికి
రెండు మిగిలాయి.

ఆ పళ్ళేన్ని నునుపు చేసింది ఫోల్క్‌మార్.
తెల్ల ముసుగులో కళ్ళు మాత్రమే మనిషిగా మిగిలి
ఏడు నెలలు కాపలా కాశాడు,
ఒక్క రేణువైనా గదిలోకి రాకుండా.
దుమ్ము పట్టే పనిముట్టుకి దుమ్ము తగలకూడదట!
క్యాంటీన్‌లో నవ్వేవాళ్ళు.
"చుట్టం వస్తుంటే ఇల్లు ఊడవరా?" అనేవాడు
సూప్‌లో రొట్టె ముంచుకుంటూ.
ఇంట్లో ఆయన పుస్తకాల అర మీద మాత్రం
వేలితో ఉత్తరం రాయొచ్చని రోస్‌విటా ఫిర్యాదు.

కంట్లో పడితే ఊదేస్తాం.
కడుపులో పడితే పేరు వెతుకుతాం.
అక్కడ పడ్డ నలుసుకి
గెజీనె ఒక నంబరు పెట్టింది.

సెకనుకి ఇరవై కిలోమీటర్లు.
తాకడం, ఆవిరైపోవడం ఒకే రెప్పపాటు.
ఇనుము ఇంత, మెగ్నీషియం ఇంత,
కొండలా లేచి కూలిన గీత ఒకటి.
దాన్ని కొలిచే దారి ఇదొక్కటే,
పోతున్నప్పుడు పక్కన ఉండటం.

ఏ తోకచుక్క విదిలించిందో,
ఏ రాళ్ళ తగాదాలో రాలిందో.
ఒకసారి బ్లాక్ ఫారెస్ట్ గుట్ట మీద
పొద్దు గూకాక పడమట
వాలుగా నిలబడ్డ పాలవెలుగు చూసింది గెజీనె.
అవతల ఏదో ఊరుంది కాబోలనుకుంది.
ఊరు లేదు. అంతా ఇదే,
ఎండలో నానుతున్న దుమ్ము.

గురువారం కదా, ఫోన్ చేసింది.
ఆయనకి చెవి మందగించింది.
"రెండు," అంది.
"ఎన్ని?"
"రెండు!"
కాసేపు ఊపిరి చప్పుడు.
"పళ్ళేనికి గుంట పడి ఉంటుందా?"
"పడే ఉంటుంది. కంటికి ఆనదు."
"ఎంత లోతు?"
చెప్పబోయింది.
అటువైపు రోస్‌విటా వాక్యూమ్ క్లీనర్ పెట్టింది.
ఆ హోరులో
అంకె మూడుసార్లు అరవాల్సి వచ్చింది.