చాకలి పద్దు

బాడ్మిన్‌లో ఆ పాత బ్యారక్ ఇప్పుడు ఫ్లాట్లు.
ఉతుకుల గదిలో మా సైకిళ్లు పెట్టుకుంటాం.
చెమ్మకు సున్నం పెచ్చు రాలి
పెన్సిల్ గీతలు బయటపడ్డాయి:
నాలుగు నిలువు, మీద ఒక అడ్డం.

చాకలి పద్దు.
మా వైపు ఆ మాటకి
ఎవడూ చదవనిదని అర్థం.
కింద పేరు కూడా ఉంది:
టామ్సిన్ ట్రెగేర్, 1916.

ఏప్రిల్‌లో చొక్కాలు రెండు వందల పన్నెండు.
మేలో రెండు వందల తొమ్మిది.
జూన్‌కి లెక్క లేదు, ఒక్క మాట: పడవెక్కారు.
జూలైలో కొత్త మెడలు, కొత్త భుజాలు,
కాలర్ మీద పాత నంబర్లే.
చొక్కాకి ఎవరైతేనేం.

సోడా నీళ్లకు వేళ్లు పాసిపోయినా
ఒక మూల విడిగా గీసుకుంది,
ఎవరూ తీసుకెళ్లనివి పదిహేడు.
ఒకదానికి గుండీ కుట్టానని రాసింది.
ఎందుకు కుట్టిందో రాయలేదు.

దొరల లెక్కలు ఊరి మధ్య రాతి మీద ఉన్నాయి,
బంగారు పూతతో. ఏటేటా కడుగుతారు.
మా గోడకి సోమవారం రంగులవాళ్లొస్తారు,
తెలుపు, రెండు కోటింగులు.

సైకిలు తెచ్చి అక్కడే ఆనించాను.
హ్యాండిల్ రాసుకుని
ఒక గీత చెరిగింది.

ఎవరిదో చొక్కా.