పన్నెండు మాటలు, పది రూపాయలు

చిట్టినగర్ సొరంగానికి ఇవతల
పిండిమర మేడమీద రేకుల గది.
నాలుగు వీసీఆర్‌లు, ఒక పాత కంప్యూటరు,
కిటికీకి తడిపి కట్టిన గోనెపట్టా.
టైపు హయ్యర్ పాసైన నాకు అక్కడ ఉద్యోగం:
బొమ్మ అడుగున కుడి నుంచి ఎడమకి
పాకిపోయే అక్షరాలు రాయడం.

పన్నెండు మాటలకి పది రూపాయలు.
పదమూడో మాటకి మళ్లీ పది.
"రేపు నీళ్లు ఐదింటికి కాదు, ఏడింటికి వదులుతారు."
"నల్లమేక, ఒక చెవి కోసి ఉంది, కనిపిస్తే రజాక్ సైకిల్‌షాపులో చెప్పండి."
పోయినవాళ్ల కబురు మాత్రం
లెక్కపెట్టేదాన్ని కాదు.
అయినా తగ్గించేదాన్ని.
"తీరని లోటు మిగిల్చి" కొట్టేస్తే
"సాయంత్రం నాలుగింటికి" పట్టేది.
ఎప్పుడు ఎత్తుతారో తెలియాలి కదా కొండమీదవాళ్లకి.
కవిత్వం నాకు ఇంకెవరూ నేర్పలేదు.

డిష్షులు మూడు. పెద్దదాంట్లో కాకిగూడు.
గాలికి అది కాస్త తిరిగిందంటే
వార్తలు పోయి, ఎవరిదో భాషలో వంట వచ్చేది.
పులుసులాగే ఉందని చూసేవాళ్లు.
సలోమన్ మొలలో ప్లయరు దోపుకుని
మూడువందల పన్నెండు మెట్లెక్కేవాడు,
భుజాన నల్లవైరు చుట్ట.
చర్చి గోడ, మసీదు పిట్టగోడ, కల్లుపాక వాసం,
దారి అడిగితే కాదన్న గోడ లేదు.
సొరంగం అవతల వేరేవాళ్ల ఏరియా.
ఒక రాత్రి వాళ్లు మాది కోశారు,
మర్నాడు రాత్రి మావాళ్లు వాళ్లది.
సీరియల్ పోయిన ఆడాళ్లు
అటూ ఇటూ ఒకటే తిట్లు తిట్టారు.

మా ఓనరు ఏడుకొండలు దగ్గర రెండు పుస్తకాలు.
ఆకుపచ్చది, చానెళ్లవాళ్లు వస్తే చూపించేది:
మూడువందల ఇళ్లు.
ఎర్రది, పరుపు కింద:
పద్నాలుగువందల ఇరవై.
ఎర్రదాంట్లో ఆఖరి పేజీ, పెన్సిలుతో,
హుసేన్‌బీ, పై మెట్టు, బీడీలు.
డబ్బుల గడిలో సున్నా కూడా కాదు, గీత.
ఇదేంటంటే,
"రాయకపోతే సలోమన్‌గాడు వైరు పీకేస్తాడమ్మాయ్" అన్నాడు.

తర్వాత కాగితాలు మొదలయ్యాయి.
హెడ్ పోస్టాఫీసులో ఫారం, ఫీజు, ఫొటో.
ఏం చూపించకూడదో ఢిల్లీ నుంచి ఒక చాంతాడు.
స్తంభాలకి అద్దె కట్టలేదని
నిచ్చెన బండి వచ్చి వీధి పొడుగునా కోసుకుపోయింది.
పిల్లలు ఆ ముక్కలతో తాడాట ఆడారు.

ఆఖరికి పెట్టె.
ప్రతి టీవీకీ పెట్టె, పెట్టెకో నంబరు,
ఆ నంబరు హైదరాబాదులో ఎక్కడో వెలుగుతుందిట.
చానెలుకో రేటు, రేటుమీద పన్ను.
ఇంక ఆకుపచ్చ పుస్తకం లేదు, ఎర్రదీ లేదు.
చట్టం తప్పనను. దొంగలెక్క దొంగలెక్కే.
పదకొండువందల ఇరవై ఇళ్లు దాచాడు మావాడు,
ఆ డబ్బుతో భవానీపురంలో మేడ లేపాడు,
గృహప్రవేశానికి స్క్రోలింగు రాసింది నేనే.
కానీ ఆ దాచినదాంట్లోనే
హుసేన్‌బీ కూడా ఉండేది.
కొత్త లెక్కలో అన్ని గడులున్నాయి,
గీత పెట్టడానికే చోటు లేదు.

పాత లైను ఆపే రోజు
"ఏదో ఒకటి రాసెయ్" అన్నాడు ఓనరు, గోడకేసి చూస్తూ.
"రేపటి నుంచి పెట్టె లేనివారికి బొమ్మ రాదు. గమనించగలరు."
ఏడు మాటలు.
ఇంకా ఐదు మిగిలాయి.
పిండిమర ఆగిందాకా కూచున్నాను.
ఏమీ తోచలేదు.

నెల తర్వాత మెట్లెక్కి వెళ్లాను.
చేటలో ఆకు, ఒళ్లో దారపుండ,
ఎదురుగా టీవీ నిండా చీమలు.
"ఏం చూస్తున్నావు నానీ?"
"చూడ్డం లేదమ్మా.
బల్బు పోయి వారమైంది.
బీడీకి దారం చుట్టడానికి ఆ తెలుపు చాలు."

చప్పుడు మాత్రం
పూర్తిగా తగ్గించి పెట్టుకుంది.