గోళ్లరంగు చుక్కలు

స్ట్రాలతో వంతెన కట్టించమని
వాళ్లిచ్చిన పుస్తకంలో మొదటి పాఠం.
కొరుక్కుపేట, తెలుగు మీడియం, తొమ్మిదో తరగతి.
పంతొమ్మిది మంది. ఒక ఫ్యాను, దానికో వంకర రెక్క.
పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు
రైలుపెట్టెల బొమ్మలు గీసి రిటైరైనవాణ్ణి,
వంతెనదేముందిలే అనుకున్నాను.

నిరోషా చెయ్యెత్తింది.
"కింద ఏరుందా సార్?"
లేదమ్మా, బల్ల ఉంది.
"అయితే వంతెనెందుకు సార్,
బల్ల మీదనే నడిచి పోవచ్చు గదా?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.
ఆ రాత్రి పుస్తకం
బీరువా మీద పాత పంచాంగాల కిందికి పోయింది.

మరుసటి శనివారం బోర్డు మీద ఒకటే మాట రాశాను:
సమస్య.
మా తాత రోజుల్లో సమస్యంటే పద్యానికి చివరి పాదం.
ఎవరో పొగరుగా విసిరేవారు, అర్థం లేనట్టుండేది,
పైన మూడు పాదాలు కట్టి దాన్ని ఒప్పించాలి.
చెబుతుంటే దేవసహాయం ఆవులించాడు.
"మా చివరి పాదం లారీ సార్"
వెనక బెంచీలోంచి పౌర్ణమి.

నీళ్ల లారీ. వస్తే పదిన్నరకు, లేకుంటే పన్నెండుకు.
లెక్కల పీరియడు నడుమ హారన్ మోగితే
ఏడుగురు ఆడపిల్లలు లేచి పోతారు.
అమ్మలు వీధులూడ్చే పనిలో, హార్బరు వైపు చేపల కంపెనీలో.
రిజిస్టరులో వీళ్ల పేర్ల పక్కన
సగం రోజని ఎర్రసిరా.
మగపిల్లలెందుకు పోరని అడిగాను.
ఫ్యాను శబ్దం బాగా వినబడింది.

తప్పు జవాబంటూ లేదన్నాను, నాకే నమ్మకం లేకుండా.
లారీ టైరు కోసేద్దాం.
బడిని ఎత్తి లారీ మీద పెడదాం.
బిందెల్ని వరసలో నిలబెట్టి
మనం లెక్కలు చేసుకుందాం.
ఆఖరిది నిలిచింది.

పేర్లు రాస్తే తడికి చెరిగిపోయాయి.
పెయింటుకు డబ్బుల్లేవు.
పౌర్ణమి వాళ్లక్క గోళ్లరంగు ఎత్తుకొచ్చింది.
ఇంటికిన్ని చుక్కలు: మూడు, ఐదు,
నిరోషా వాళ్లకు ముగ్గులా తొమ్మిది.
పచ్చవి, నీలివి, నారింజవి, ప్లాస్టిక్ కొడాలు
బడి గంటకు ముందే వీధి మొగన హాజరు.
మూడు రోజులు బాగా నడిచింది.
నాలుగో రోజు ఎవరో పెద్దమనిషి
అన్నిటినీ కాలితో తోసి తన డ్రమ్ము పెట్టాడు.
బిందెకు నోరుంది గానీ మాట లేదు.

డైరీలో విఫలం అని సగం రాశాను.
ఏడాదంతా పెదవి విప్పని ధనకోటి లేచాడు.
"నేను పోయి నిలబడతా సార్.
రోజుకొక మగోడు. వంతు."
నిరోషా ఎక్కణ్ణుంచి పట్టిందో
డ్రైవరు భార్య ఫోను నంబరు పట్టింది.
అక్కడ లారీ కదిలితే ఇక్కడ
హెడ్మిస్ట్రెస్ ఫోనుకు ఒక మిస్‌డ్ కాల్.

అడయారులో పోటీ, చలి పుట్టించే హాలు.
చార్టు మీద బాణాలు నేనే గీశాను, చెయ్యి ఊరుకోక.
"దీన్ని నగరమంతటికీ ఎలా విస్తరిస్తారు?"
కళ్లద్దాలావిడ అడిగింది.
నిరోషా నిజంగానే ఆలోచించింది.
"డ్రైవర్లందరికీ పెళ్లయిందా మేడం?"
బహుమతి, దానంతటదే మూత తెరుచుకునే చెత్తబుట్టకు.
మాకు నాలుగు జామెట్రీ బాక్సులు.
పంతొమ్మిది మందికి నాలుగు:
తిరుగు బస్సులో కొత్త సమస్య.

జూన్‌లో డ్రైవరు మారాడు.
కొత్తవాడికి పెళ్లి కాలేదు.
పిల్లలు బోర్డు తుడిచి మళ్లీ కూర్చున్నారు.

నిన్న గిన్నెలు తోముతూ మా ఆవిడ పిలిచింది.
నా స్టీలు నీళ్లసీసా అడుగున
ఆరు చుక్కలు, ఎర్రవి, పాతబడినవి.
ఎత్తి తాగేటప్పుడు ఎదుటివాళ్లకే కనిపిస్తాయి.
ఎన్ని శనివారాలు
వాళ్లు చూస్తుండగా తాగానో.