శనివారం రాత్రి దుంపలు

మా అమ్మ పేరు కెజాయా.
అన్నీ పోయాక యోబుకు పుట్టిన కూతురి పేరది.
రెండు పడవలు మునిగాక పుట్టిందని మా తాత పెట్టాడు.
న్యూఫౌండ్‌లాండ్ తీరంలో పదకొండు కొంపల రేవు మాది.
పటంలో వెతక్కండి. ఉన్నప్పుడే లేదు.

శనివారం రాత్రి దీపం కింద కూర్చుని
మర్నాటికి బంగాళాదుంపల చెక్కు తీసేది.
ఆదివారం కత్తి పట్టకూడదు, సూది ముట్టకూడదు,
ఊలు ఉండ కూడా బుట్టలో మూతకింద నిద్రపోవాలి.
గిన్నెడు నీళ్ళలో దుంపలు తెల్లగా, చప్పుడు లేకుండా,
ఆరాధనకు ముందే వచ్చి కూర్చున్న ముసలాళ్ళలా.

వేసవంతా ఆమె చేతులు చేపలవే.
కాడ్ చేపని నిలువునా చీల్చి, ఉప్పు పట్టించి
కర్రల మంచెల మీద పరచడం,
పొద్దు వాలితే చర్మం పైకి తిప్పి పేర్చడం,
చినుకంటే పరుగు.
ఒక్క వాన తగిలితే రకం పడిపోతుంది.
రకం పడితే చలికాలపు పిండిబస్తా సగమైపోతుంది.
షావుకారు కొట్లో రకం కట్టేవాడు
చేపని కాదు, తెచ్చిన మనిషి మొహం చూసేవాడు.

ఆ ఏడు ఆగస్టులో తొమ్మిది రోజులు ముసురు.
పదో రోజు ఆదివారం. ఎండ.
ఏ మంచె మీదా ఎవరూ ఒక్క చేప పరచలేదు.
పాస్టరు లేడు. పెద్ద సైలస్ ఏదో పాత ప్రసంగం చదువుతున్నాడు,
మేమంతా కిటికీలోంచి ఎండని వింటున్నాం.

అమ్మ లేచింది,
మూడో కీర్తన మధ్యలో.
టోపీ తీయలేదు. చేతిసంచి బల్ల మీదే వదిలేసింది.
గుట్ట అవతల బ్రైడ్ హానహాన్ ఇల్లు. వాళ్ళు కతోలిక్కులు.
మొగుడు వసంతంలో మంచు మీద వేటకెళ్ళి రాలేదు,
ఆమె కడుపుతో మంచం పట్టింది.
మరిది పట్టి తెచ్చిన చేపంతా కుప్పగా చెమ్మగిల్లుతోంది.
అమ్మ ఒక్కతే పరిచింది, ఆదివారపు బూట్లతోనే.
మా చేప మాత్రం కొట్టంలో అలాగే ఉంది,
పురుగు పట్టేదాకా.

సాయంత్రం ఇద్దరు పెద్దలు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.
"ఆయనకి నేను చెప్పుకుంటాను" అంది.
"కూర్చోండి, టీ పెడతాను.
నీళ్ళు నిన్నే తోడి ఉంచాను."

ఆ చలికాలం మా రొట్టె పల్చన.
దాని మాట అమ్మ ఎప్పుడూ ఎత్తలేదు.
నాకు మాత్రం ఆకలి గుర్తుంది. నిజం చెప్పాలి కదా.

కొన్నేళ్ళకి ప్రభుత్వం డబ్బిచ్చి రేవు ఖాళీ చేయించింది.
ఇంటికి నూనె పీపాలు కట్టి నీళ్ళలోకి దించారు.
నాలుగు పడవలు లాగితే అఖాతం దాటి ఇల్లు ఈదింది.
లోపలే ఉంటానంది, వద్దన్నారు.
పక్క పడవలో కూర్చుని
తన వంటగది కిటికీ అలల మీద తలూపుతుంటే చూసి
"పొయ్యి మూత వేశానో లేదో" అంది.
రేవు వైపు మాత్రం తిరగలేదు.
లోతు భార్య కథ బాగా తెలిసిన మనిషి.

మొన్న మార్చిలో పోయింది, ఎనభై ఎనిమిదేళ్ళకి.
బైబిలు నాకొచ్చింది. వెనక అట్టకి లోపలి వైపు
పెన్సిల్‌తో పేర్లు.
బ్రైడ్. బ్రైడ్ కూతురు. సైలస్ మోకాళ్ళు.
రకం కట్టేవాడు కూడా, ఇంటిపేరుతో సహా,
పక్కనే అతని పంటినొప్పి.
కొన్నిటి మీద గీత ఉంది.
మొర విన్నందుకో, మనిషే పోయినందుకో తెలీదు.
అట్టడుగున నా పేరు,
నేను చర్చి మానేసిన సంవత్సరం.
గీత లేదు.
పెన్సిల్ మాసిపోయినప్పుడల్లా
మళ్ళీ మళ్ళీ దిద్దిన అక్షరాలు, కాగితం గాడిపడేలా.

అమ్మా, నేను ఇప్పటికీ నమ్మను.
సెయింట్ జాన్స్‌లో నాలుగో అంతస్తు, శనివారం రాత్రి,
రేడియో కట్టేసి
దుంపల చెక్కు తీస్తున్నాను.
ఎందుకని అడక్కు.
నీది ఒకటే పొడుగాటి తీగలా వచ్చేది.
నాది తెగిపోతోంది.