అరువు ఈకలు

ఎడమ రెక్క, ఏడో ఈక.
సొరుగు లాగి వెతుకుతాను.
చచ్చిపోయిన డేగలవి కొన్ని,
బతికుండి రాల్చుకున్నవి కొన్ని,
అన్నిటికీ నంబరు చీటీలు.

దోహా సముద్రపొడ్డున
గాజు భవనాన్ని ఆకాశమనుకుని గుద్దుకుందట.
దీనికి షేకు లేడు, కాలికి కడియం లేదు,
బిల్లు ఎవరి పేర రాయాలో
కౌంటర్లో తేలలేదు.
"రాయకు" అన్నాడు డాక్టర్ ఇద్రీస్,
మత్తు గొట్టం ముక్కుకి తొడుగుతూ.

విరిగిన ఈక మొదలు బోలుగా ఉంటుంది.
అందులోకి వెదురు పుల్ల,
అగ్గిపుల్లలో సగం,
ఒక చుక్క జిగురు,
పైన అరువు ఈక.
వంపు వెంట్రుకవాసి తప్పినా
గాలి ఒప్పుకోదు.

ఎక్కడ నేర్చావన్నాడు.
సిరిసిల్లలో, సార్. మగ్గం మీద
తెగిన పోగుని ఉమ్మితడితో మెలేసి
ముడి కనబడకుండా అతికేవాణ్ణి.
ఉమ్మికి అరబ్బీ మాట తెలియక
వేలు నాకి చూపించాను.
మాస్కులో నవ్వాడు.

పదకొండు ఈకలు. మూడు గంటలు.
లేచి, ఒళ్ళు విదిల్చి,
నా తొడుగు మీద రెట్ట వేసి
ఇద్దర్నీ అసహ్యంగా చూసింది.

వచ్చే ఏడు ఇవి రాలి
సొంతవి మొలుస్తాయి.
ఏ మంచు దేశంలోనో
గొర్రెలు కాసే పిల్లాడికి
ఒక ఈక దొరుకుతుంది.
విరిచి చూస్తే
లోపల వెదురు.